కుక్కపిల్ల ఇల్లంతా తడిపేస్తోంది: నీళ్ళు తగ్గించాలా, వద్దా?

రామగిరి పైవాటా:
నల్లగొండలో అద్దె ఇంటి పై వాటాలో ఉంటాం. మా అబ్బాయి పట్టుబట్టి స్నేహితుడి ఇంటి నుంచి కుక్కపిల్లను తెచ్చాడు. నాటు జాతి, ఆడది, రెండున్నర నెలలది. చురుకైనది, తిండికి వంక పెట్టదు. మూత్రం ఒక్కటే మా ప్రాణానికి వచ్చింది. డాబా మీదికి తీసుకెళ్తే నీళ్ళ ట్యాంకు చుట్టూ వాసన చూసుకుంటూ తిరుగుతుంది తప్ప పోయదు. కిందికి దించి గడప దాటించగానే సోఫా పక్కన కూర్చుంటుంది. పగలంతా అరగంటకోసారి గుడ్డ పట్టుకుని తిరుగుతున్నాను. దీపాలు పెట్టే వేళకు నీళ్ళ గిన్నె ఎత్తేయాలని, పగలు కూడా కొలిచి పోయాలని మా అత్తమ్మ అంటారు. ఈ ఎండల్లో నోరులేని జీవానికి నీళ్ళు ఆపితే ఉసురు తగులుతుందని మా ఆయన అంటారు. ఇంటి ఓనరు కింది వాటాలోనే ఉంటారు. వాసన ఆయన దాకా పోకముందే ఏదో ఒకటి తేల్చుకోవాలి. నీళ్ళు తగ్గించవచ్చా?

పాలమూరు పాతకాపు:
మీ అత్తమ్మ చెప్పిందే సరి. మనం పోసినంత అది పోస్తుంది, ఇందులో శాస్త్రం ఏముంది? మా నాన్నగారి కాలం నుంచి ఇంట్లో కుక్కలు ఉన్నాయి. పొద్దుగూకాక వాటికి నీళ్ళు పెట్టిన పాపాన పోలేదు. అన్నీ నిక్షేపంగా ముసలితనం దాకా బతికాయి. పైగా పిల్లలు దాహానికే తాగవు, తోచక కూడా తాగుతాయి. గిన్నె కళ్ళముందు ఉంటే అది కూడా ఒక ఆటవస్తువే.

మిర్యాలగూడ మేడ:
పెద్దాయనా, మీ కుక్కలు వాకిట్లో పడుకున్నవి. రాత్రి ఎన్నిసార్లు పోశాయో ఎవరు చూశారు? పక్కనే పశువుల తొట్టి ఉంటే మీరు గిన్నె పెట్టకపోయినా వాటికి దాహం తీరేది. ఈమెది మేడ మీది గది. తలుపు వేస్తే దానికి ఆ గిన్నె తప్ప వేరే దిక్కు లేదు. మే నెలలో నల్లగొండలో నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీలు మామూలే. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పుతూనే ఒంటి వేడి దించుకుంటుంది. ఆ రొప్పులోనే నీరు పోతుంది. అలాంటప్పుడు నీళ్ళు కొలిచి పోయడం ఏ లెక్కన న్యాయం?

దేవరకొండ బాటసారి:
ఇంత చర్చ ఎందుకు? పోసిన చోటికి లాక్కెళ్ళి మూతి రుద్ది, రెండు తగిలించండి. వారంలో దారికి వస్తుంది.

మిర్యాలగూడ మేడ:
రాదు. మనిషి చూస్తుండగా పోస్తే దెబ్బలు పడతాయని మాత్రం నేర్చుకుంటుంది. తర్వాత మంచం కిందికి, బీరువా వెనక్కి వెళ్ళి పోస్తుంది. డాబా మీద మీరు పక్కన నిలబడితే అసలు పోయదు. ఈమె కుక్కపిల్ల ఇప్పటికే బయట పోయకుండా లోపలికి వచ్చి పోస్తోంది. దానికి భయం కూడా తోడైతే ఇక అంతే.

రాజేంద్రనగర్ విద్యార్థి:
నేను పశువైద్యం చదువుతున్నాను. నీళ్ళ సంగతి తేల్చే ముందు కొన్ని విషయాలు తెలియాలి అక్కా.

ఒక్కోసారి ఎంత పోస్తోంది? మడుగు కట్టేంత పోస్తే ఒక దారి, నాలుగు చుక్కలే రాల్చి మళ్ళీ మళ్ళీ కూర్చుంటుంటే ఇంకో దారి. చుక్కలు చుక్కలుగా వస్తూ, ముక్కుతూ, వెనక భాగం అదే పనిగా నాక్కుంటూ, మూత్రంలో ఎరుపు లేదా ఘాటైన వాసన ఉంటే మూత్రాశయంలో ఇన్ఫెక్షన్ అనుకోవాలి. మూత్రం బయటికి వచ్చే దారి ఆడ పిల్లల్లో పొట్టిగా ఉంటుంది కాబట్టి వాటికి ఇది తేలిగ్గా వస్తుంది. దానికి శిక్షణ పనికిరాదు, మందు కావాలి. నీళ్ళు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మంట పెరుగుతుంది. నిద్రలో కూడా తెలియకుండా కారుతూ, పడక ఎప్పుడూ తడిగా ఉంటే అది వేరే సమస్య. కొన్ని పిల్లలకు మూత్రపిండం నుంచి వచ్చే మూత్రనాళం పుట్టుకతోనే మూత్రాశయంలోకి కాకుండా ఇంకో చోట తెరుచుకుంటుంది. అరుదే కాని ఉంది.

ఇవేవీ కాకపోతే అది వయసు. మూత్రాశయం చిన్నది, దాన్ని బిగబట్టే కండరాల మీద పట్టు నాలుగు నెలలు దాటితేనే కుదురుకోవడం మొదలవుతుంది. ఎన్ని నెలల పిల్లో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు ఆపుకోగలదని ఒక మోటు లెక్క చెబుతారు. అది కూడా ఊరికే పడుకుని ఉన్నప్పుడు. ఆటలో ఉన్న పిల్లకు అరగంటకోసారి రావడం వింత కాదు.

ఇంకా రెండు చెప్పండి. దురదకని ఏవైనా మాత్రలు వాడుతున్నారా? స్టెరాయిడ్ ఉంటే దాహం, మూత్రం రెండూ పెరుగుతాయి. తిండి ఏం పెడుతున్నారు?

రామగిరి పైవాటా:
మందులేవీ లేవు. చుక్కలు కాదు తమ్ముడూ, మడుగే. రంగు తేటగా నీళ్ళలాగే ఉంటుంది. పడక పొడిగానే ఉంటుంది. మా ఆయన సాయంత్రం ఇంటికి వచ్చి తల నిమరబోతే మాత్రం వెల్లకిలా పడుకుని అక్కడే కొంచెం వదులుతుంది. తిండి అంటే పొద్దున గిన్నెడు పాలు, మధ్యాహ్నం పాలన్నం, సాయంత్రం మళ్ళీ పాలు, రాత్రి పల్చగా కలిపిన పెరుగన్నం. బర్రె పాలే, చిక్కటివి.

రాజేంద్రనగర్ విద్యార్థి:
అసలు సంగతి ఇక్కడ ఉంది. బర్రె పాలు ఎంత చిక్కనివైనా నూటికి ఎనభై పాళ్ళకు పైగా నీరే. ఉడికిన అన్నంలో కూడా సగానికి మించి నీరే. ఆ పిల్ల నాలుగు పూటలా తిండి పేరుతో నీళ్ళు తాగుతోంది. గిన్నెలో నీళ్ళు ఎంత తగ్గిస్తే మాత్రం ఏం లాభం? తల్లి పాలు మరిచిన పిల్లల్లో చాలా వాటికి పశువుల పాలు సరిగా అరగవు, విరేచనాలు కూడా పట్టుకుంటాయి. పాలు క్రమంగా మాన్పించండి. ఉడికించిన గుడ్డు, ఎముకలు తీసిన చికెన్, గట్టిగా కలిపిన అన్నం, లేదా కుక్కపిల్లలకని అమ్మే పొడి తిండి పెట్టండి. పక్కన మంచినీళ్ళ గిన్నె ఉండాలి. పూటల వేళలు మారకూడదు. వేళకు తింటే వేళకే పోస్తుంది.

మీ ఆయన కాళ్ళ దగ్గర చేసేది అలవాటు తప్పడం కాదు, పెద్దవారి ముందు అణిగిపోవడం. మీదికి వంగకుండా పక్కన కూర్చుని పలకరించమనండి. కోప్పడితే ఎక్కువవుతుంది, వదిలేస్తే పెరిగేకొద్దీ చాలావరకు పోతుంది.

పాలమూరు పాతకాపు:
అంటే చివరికి నీళ్ళు తగ్గించమనే కదా అన్నావు? పాలలో నీళ్ళు తగ్గించమన్నావు, నేను గిన్నెలో తగ్గించమన్నాను. మాట తేడా తప్ప మనిద్దరిదీ ఒకటే వైద్యం.

మిర్యాలగూడ మేడ:
ఒకటి కాదు పెద్దాయనా. తిండిలో బలవంతంగా ఎక్కించే నీళ్ళు వేరు, దాహమై తాగే నీళ్ళు వేరు. మొదటిది మన చేతిలో ఉంది, రెండోది దాని ఒంటికి తెలుసు.

సాగర్ రోడ్డు:
ఒక సందేహం. మన జిల్లా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. దాని వల్లనే ఇలా పోస్తోందేమో?

రాజేంద్రనగర్ విద్యార్థి:
ఫ్లోరైడ్ ముఖ్యంగా దెబ్బతీసేది పళ్ళను, ఎముకలను, అది కూడా ఏళ్ళ తరబడి తాగితే. రెండున్నర నెలల పిల్లకు ముందు చూడవలసింది అది కాదు. మీరు తాగే నీళ్ళే దానికీ పోయండి, సరిపోతుంది.

వనపర్తి వాకిలి:
నీళ్ళ పంచాయితీ మీరు తేల్చుకోండి, నేల గురించి ఎవరూ మాట్లాడలేదు. పోసిన చోట వాసన మిగిలితే కుక్క మళ్ళీ అక్కడికే వస్తుంది. ఫినాయిల్ మన ముక్కును మోసం చేస్తుంది, దాని ముక్కును కాదు. మూత్రం మరకలను విరగ్గొట్టే ఎంజైమ్ ద్రావణాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, అవి మేలు. కొందరు వెనిగర్ వాడమంటారు. మీ ఇంట్లో తాండూరు బండలో షాబాద్ బండలో ఉంటే ఆ పని చేయవద్దు. అవి సున్నపురాళ్ళు, పులుపు తగిలితే నునుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది. బాత్‌రూమ్ యాసిడ్ అయితే చెప్పనే అక్కర్లేదు, ఓనరు అడ్వాన్సులో కోసుకుంటాడు. బండల మధ్య అతుకుల్లో దిగిన తడి పైపైన తుడిస్తే రాదు. గుడ్డ అద్ది పీల్చి, సబ్బునీళ్ళతో కడిగి, మళ్ళీ అద్ది, ఆ తర్వాత ద్రావణం పోసి కాసేపు వదలండి. సోఫా పక్కన ఇప్పటికే దాని చిరునామా రాసి ఉంటుంది.

రామగిరి పైవాటా:
మావి తాండూరు బండలే! డాబా మీద పోయించడం ఎలా? వీధిలోకి తీసుకెళ్తే త్వరగా నేర్చుకుంటుందని పక్కింటివారు అంటున్నారు.

మిర్యాలగూడ మేడ:
టీకాలు పూర్తయ్యే దాకా వీధి నేల మీద దించకండి. కుక్కపిల్లలకు ప్రాణం మీదికి తెచ్చే విరేచనాలు పట్టించే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. టీకాలు మూడు, నాలుగు వారాలకోసారి పదహారో వారం దాకా పడాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా మరవకండి.

డాబా చాలు. నీడపడే ఒక మూలన గోనె సంచి పరచండి. లోపల మూత్రం తుడిచిన గుడ్డతో ఆ సంచిని ఒకసారి అద్దండి, వాసన దానికి దారి చూపుతుంది. నిద్ర లేవగానే, తిన్న పావుగంటకు, ఆట ఆగగానే ఎత్తుకుని వెళ్ళండి. నడిపిస్తే మెట్ల మీదే పని కానిస్తుంది. మెడకు తాడు వేసి ఆ మూలనే నిలబడండి, మాట్లాడవద్దు, ఆడించవద్దు. పోసీ పోయగానే, అక్కడే, ఒక ముక్క పెట్టండి. ఇంట్లోకి వచ్చాక పెడితే లోపలికి వచ్చినందుకు పెట్టారనుకుంటుంది. ఎంతకీ పోయకపోతే లోపలికి తెచ్చి వదిలేయకండి. ఒళ్ళో పెట్టుకుని పది నిమిషాలు ఆగి మళ్ళీ తీసుకెళ్ళండి. సోఫా పక్కకు వెళ్ళే అవకాశమే ఉండకూడదు. మధ్యాహ్నం మాత్రం డాబా నేల కాలుతుంది, ముందు మీ అరచేయి ఆనించి చూడండి. ఆ వేళకు సంచిని బాల్కనీలోకి మార్చండి.

దేవరకొండ బాటసారి:
సంచి అలవాటు చేస్తే పెద్దయ్యాక కూడా ఇంట్లో కాళ్ళు తుడుచుకునే పట్టా మీద పోస్తుంది, అప్పుడు గుర్తు చేసుకోండి.

వనపర్తి వాకిలి:
ఈయన అన్నదాంట్లో కొంత నిజం ఉంది. ఇంట్లో గోనె పట్టాలు ఉంటే తీసి దాచండి. టీకాలు అయ్యాక అదే సంచిని కింద మట్టిలోకి మార్చి, కొన్నాళ్ళకు తీసేస్తే సరి.

రామగిరి పైవాటా:
అత్తమ్మకు చదివి వినిపించాను. పాల మాట ఒప్పుకున్నారు. రాత్రి గిన్నె సంగతి ఏమిటో తేల్చి చెప్పమంటున్నారు.

రాజేంద్రనగర్ విద్యార్థి:
రాత్రి తిండి తిని, కడుపునిండా తాగాక, పడుకునే ముందు గంట సేపు గిన్నె తీస్తే తప్పని నేను అనను. దీపాల వేళ నుంచి తెల్లవారేదాకా అంటే మాత్రం ఒప్పుకోను. కూలర్ లేని గదిలో అయితే ఆ గంట కూడా వద్దు. పది రోజుల్లో తగ్గుముఖం పట్టకపోయినా, చుక్కలు మొదలైనా మూత్రం పరీక్ష చేయించండి. పొద్దున మొదటిసారి కూర్చున్నప్పుడు పొడవాటి పిడి ఉన్న శుభ్రమైన గరిటె కిందికి పెడితే దొరుకుతుంది. పొడి సీసాలో పోసి గంటలోగా ఆసుపత్రికి చేర్చండి.

పాలమూరు పాతకాపు:
ఆ గరిటె మళ్ళీ వంటింట్లోకి తేకండి. గంట సేపైనా గిన్నె ఎత్తమన్నాడు, నాకు అది చాలు.