తిరుప్పావై మైకు పొద్దున ఐదింటికే పెట్టొచ్చునా?

పాలమూరు_పల్లె:
ధనుర్మాసం దగ్గరికొచ్చింది. మా ఊరి గుడి మీద నాలుగు హారన్లు, 100 వాట్ల యాంప్లిఫైయర్ ఉన్నయి. పెన్‌డ్రైవ్‌కు టైమర్ పెట్టి ఐదింటికే మోగిస్తరు. అయ్యగారు గుడి తలుపు తీసేది ఆరున్నరకు. చుట్టుపక్కల బాలింతలు, చంటిపిల్లలు. అడిగితే "దేవుని పనికి అడ్డమా?" అంటరు. చట్టం ఏమంటది? సౌండు తగ్గించే దారేంది?

కాయిదాలోడు:
2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక బయట మైకు బంద్. గుడికైనా, మసీదుకైనా, చర్చికైనా ఒకటే. పండుగ సడలింపు ఏడాదికి 15 రోజులు మించదు, అదీ రాత్రి 10-12 నడుమనే. ఐదింటి పాటకు అది అక్కరకు రాదు. ఇండ్ల మధ్య పగటి పరిమితి 55 డెసిబెల్స్. పగలు పెట్టాలన్నా రాతపూర్వక అనుమతి ఉండాలె.

మైక్‌సెట్_నల్లగొండ:
వాల్యూమ్ సగం చేస్తే సరిపోతదనుకోకండి. వాట్లు సగమైతే తగ్గేది 3 డెసిబెల్సే. హారన్ 1 వాట్‌కు మీటరు దూరంలో 106 డెసిబెల్స్ ఇస్తదనుకోండి, మీ 100 వాట్లు నాలుగింటికి పంచితే ఒక్కోదానికొచ్చే 25 వాట్లకు 120 అయితది. దూరం రెట్టింపైనప్పుడల్లా 6 తగ్గుతది, అంటే 64 మీటర్ల అవతలి ఇంట్ల గూడ 84! హారన్లు దించుడే మందు. మండపంల రెండు కాలమ్ బాక్సులు, కూసున్నోళ్ల తలలెత్తుకు, మొఖం లోపలికి పెట్టండి. ఒక్కోదానికి రెండు వాట్లు చాలు. బేస్ పెంచితే మాట స్పష్టంగ రాదు, వినబడతలేదని మళ్ల వాల్యూమ్ తిప్పుతరు. ఫోన్ల మీటర్ యాప్ కచ్చితంగ చూపదు, ముందూ తర్వాతా తేడా చూసుకోనీకె మాత్రం పనికొస్తది.

కోవెల_వాకిలి:
"తిరుప్పావై పాడిన గోదమ్మ కూడ లేపింది కదా" అని గుడి కమిటీవాళ్లు అనొచ్చు. నిజమే, తిరుప్పావైల 6 నుంచి 15 దాకా పాశురాలు (పాటలు) మేల్కొలుపులే. కానీ ఆమె లేపింది నోముకు ఒప్పుకున్న చెలులను, వాకిట్లకు పోయి, నోటితో. రెండో పాశురంలనే "చేయకూడనివి చేయం" అని నియమం చెప్పింది. తలుపు మూసిన గుడిల టైమర్ పాడితే అది ఎవరి నోము? అయ్యగారు వచ్చినంక నలుగురు కూసొని ఆనాటి పాశురం పాడితే చాలు, రోజుకొకటే కదా.

పాలమూరు_పల్లె:
ముందు టైమర్ తీయమంట. బాక్సులకు పాత వైరు పనికొస్తదా అన్నా?

మైక్‌సెట్_నల్లగొండ:
వస్తది, అతుకులు మాత్రం చూసుకోండి. మీ యాంప్లిఫైయర్ నుంచి బాక్సులకు పోయేది 100 వోల్ట్ లైనైతే, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బాక్సులే కొనండి. ట్రాన్స్‌ఫార్మర్ లేని మామూలు 8 ఓమ్స్ బాక్సు నేరుగ తగిలిస్తే కాలిపోతది.