అప్‌డేట్: బదిలీ మీద సికింద్రాబాద్ వచ్చాక బాబు థెరపీ

మా ఆయన ఆర్మీలో ఉన్నారు. జోధ్‌పూర్ నుంచి ఇటు పోస్టింగ్ వచ్చినప్పుడు, మాటలు ఆలస్యమైన మా మూడున్నరేళ్ల బాబుకి థెరపీ ఆగకుండా ఎలా అని ఇంతకుముందు ఈ గ్రూపులో మిమ్మల్ని అడిగాను.

మీరు చెప్పినట్టే బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీకి (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెళ్లాం. 2021లో మొదలైన అక్కడి ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌లో (ఎదుగుదలలో ఆలస్యాన్ని చిన్నప్పుడే గుర్తించి థెరపీ ఇచ్చే చోటు) ఆరేళ్లలోపు పిల్లల్ని చూస్తారు. పాత థెరపిస్టు రాసిచ్చిన రిపోర్టు, ఇంట్లో తీసిన వీడియోలు ఎంత అక్కరకొచ్చాయో! వాడు ఎక్కడిదాకా వచ్చాడో వాటిలో చూసి, అక్కణ్ణుంచే మొదలుపెట్టారు. బదిలీ మీద వెళ్లేవాళ్లు దయచేసి ఇవి లేకుండా బయల్దేరకండి. ఇంట్లో తెలుగే మాట్లాడమన్నారు. ఇప్పుడు "అమ్మా, నీళ్లు" అని అడుగుతున్నాడండీ!

ఒక ప్లేస్కూల్ మాత్రం "మాటలొచ్చాక తీసుకురండి" అంది. చాలా బాధేసింది. తోటి పిల్లల మధ్య ఉంటేనే కదా మాటలొచ్చేది?

యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) దేశమంతా చెల్లుతుంది కాబట్టి దానికి అప్లై చేశాం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఆర్మీ భార్యల సంఘం నడిపే ఆశా స్కూల్ సికింద్రాబాద్‌లోనూ ఉంది, అక్కడా కనుక్కుంటాం. ఇటు పోస్టింగ్ వస్తున్నవాళ్లెవరైనా ఉంటే అడగండి, తెలిసినంత చెబుతాను.