అప్‌డేట్: గర్భసంచి తీయకుండానే మా చెల్లికి క్యాన్సర్ తగ్గింది

పర్లాకిమిడి నుంచి మళ్లీ నేనే. చెల్లికి గర్భసంచి లోపొరలో తొలిదశ క్యాన్సర్, ఇంకా పిల్లల్లేరు, ఆపరేషన్ తప్పదా అని అడిగాను గదా. "ముందు ఎమ్మారై తీయించి, ముక్క పరీక్ష స్లైడ్లు ఇంకో పెథాలజిస్టుకి (కణాలు చూసి జబ్బు తేల్చే డాక్టరుకి) చూపించండి" అన్నవాళ్లకి దండం. విశాఖలో అదే చేశారు. గ్రేడ్ 1 (అంటే నెమ్మదిగా పెరిగే రకం), గర్భసంచి కండరంలోకి పాకలేదు, అండాశయాలు బాగున్నాయి. అందుకే మెజెస్ట్రాల్ అనే హార్మోన్ మాత్రలిచ్చి, గర్భసంచి లోపల హార్మోన్ లూప్ వేశారు. మాత్రలకి ఆకలి పెరిగి అర్ధరాత్రి పఖాళ (చద్దన్నం) గిన్నె ముందేసుకునేది. బరువు తగ్గమన్నదీ ఆ మాత్రలు రాసిన డాక్టరమ్మే! 3 నుంచి 6 నెలలకోసారి ముక్క తీసి పరీక్ష. ఈమధ్య వరుస రిపోర్టుల్లో క్యాన్సర్ కణాలు లేవు. లూప్ తీసేసి, ఆలస్యం చెయ్యకుండా ఐవీఎఫ్‌కి వెళ్లమన్నారు. సీఏ 125 అనే రక్తపరీక్ష కూడా నార్మలే, దాని గురించి మేం పడ్డ కంగారంతా వృథా. తిరగబెట్టే అవకాశం ఉంది కాబట్టి పిల్లలు పుట్టాక గర్భసంచి తీయించుకోమన్నారు.