రోమన్ వెండి నాణేలు: అచ్చుకు ముప్పై వేలు అన్న లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న – తిరుపతి విద్యార్థిని

అందరికీ నమస్కారం. తిరుపతిలో ప్రాచీన చరిత్రలో ఎం.ఏ. చదువుతున్నాను. సెమినార్ కోసం రోమన్ గణతంత్ర కాలపు వెండి నాణెం డెనారియస్ మీద వ్యాసం రాస్తున్నాను. క్రీ.పూ. 90లో నాణేల అధికారి లూసియస్ పిసో ఫ్రూగి పేరుతో వెలువడిన డెనారియస్‌లకు బొమ్మ వైపు అచ్చులు సుమారు 860 వాడి ఉంటారని మైఖేల్ క్రాఫర్డ్ 1974లో ప్రచురించిన గ్రంథంలో అంచనా వేశారు. ఒక్కో అచ్చుతో 30,000 నాణేలు కొట్టారనుకుంటే మొత్తం రెండున్నర కోట్లు దాటుతుంది. నాణేనికి దాదాపు 3.9 గ్రాముల చొప్పున చూస్తే అది నూరు టన్నుల వెండి. ఇటలీలోని మిత్రులే రోమ్ మీద తిరగబడి యుద్ధం చేస్తున్న ఏడాది కనుక సైన్యం జీతాలకు అంత సొమ్ము కావలసి వచ్చిందంటే ఒప్పుకోవచ్చు. అయితే ఆ అచ్చుల్లో ఒక్కటీ మన కంటికి కనబడనప్పుడు 860 అని ఎలా చెప్పగలిగారు? ఆ 30,000 ఎక్కడిది?

జవాబు – చంద్రగిరి వాసి

మీరు అడిగినవి రెండు వేర్వేరు సంగతులు, వాటి విశ్వసనీయత కూడా ఒకటి కాదు. అచ్చుల సంఖ్య దగ్గర మొదలుపెడదాం. బొమ్మ వైపు అచ్చును దాగలిలో బిగించి, దాని మీద వెండి బిళ్ల పెట్టి, బొరుసు అచ్చును పైన ఆనించి సమ్మెటతో కొట్టేవారు. దెబ్బ నేరుగా పై అచ్చుకు తగిలేది గనుక అదే ముందు పాడయ్యేది. అందుకే సాధారణంగా బొరుసు అచ్చులు ఎక్కువ ఖర్చయ్యేవి, మన లెక్క మాత్రం నిలకడగా ఉండే బొమ్మ అచ్చుల మీద నడుస్తుంది. ప్రతి అచ్చునూ చేత్తో చెక్కారు కాబట్టి ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు.

పిసో నాణెం మీద అపోలో తల ఉంటుంది. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి ముక్కు కొనకూ చుట్టూ ఉన్న చుక్కల వరుసకూ మధ్య ఎడం ఎంత, తల మీది ఆకుల కొన ఏ చుక్కకు ఎదురుగా వచ్చింది, అచ్చుకు గుర్తుగా చెక్కిన అక్షరం ఎటు ఒరిగింది అని చూడాలి. ఇవన్నీ కలిస్తే అచ్చు ఒక్కటే. ఒక్కోసారి గడ్డం కింద వెంట్రుకవాసి గీత కనిపిస్తుంది. అది అచ్చులో పడిన బీట. వేరే నాణెం మీద అదే గీత లావెక్కి అంచుదాకా పాకి ఉంటే ఆ నాణెం తర్వాత కొట్టినదని కూడా తెలిసిపోతుంది. ఈ పనికి కావలసింది ఓపిక, మంచి ఫొటోలు. రిచర్డ్ షేఫర్ ఏళ్ల తరబడి వేలం కేటలాగుల నుంచి పోగుచేసిన గణతంత్ర నాణేల చిత్రాలను అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో పెట్టింది, ఒకసారి తప్పక చూడండి.

అలిపిరి దగ్గర నిలబడి కొండకు వెళ్లే బస్సుల నంబర్లు రాసుకుంటూ పోయారనుకోండి. రాసినవే మళ్లీ మళ్లీ వస్తుంటే మొత్తం బస్సులు తక్కువే. ప్రతిసారీ కొత్త నంబరే వస్తుంటే మీరు చూడనివి ఇంకా చాలా ఉన్నట్టు. అచ్చుల అంచనాకు మూలం ఇదే.

జవాబు – లెక్కల మాస్టారు, చిత్తూరు

దానికి అంకెలు జోడిస్తాను. 100 నాణేలు పరిశీలిస్తే 60 వేర్వేరు అచ్చులు తేలాయనుకుందాం. అచ్చులన్నీ సమానంగా నాణేలు ఇచ్చాయనుకుంటే మొదట ఉన్న అచ్చులు 90కి కాస్త తక్కువ వస్తాయి. కానీ లోకంలో అలా జరగదు: ఒకటి మొదటి పూటే పగులుతుంది, మరొకటి నెలల తరబడి నిలుస్తుంది. ఆ హెచ్చుతగ్గులను గట్టిగా లెక్కలోకి తీసుకునే సూత్రం, అంటే నాణేల సంఖ్యను అచ్చుల సంఖ్యతో గుణించి ఆ రెండింటి తేడాతో భాగించేది, 150 అంటుంది. ముందు చేసుకున్న ఊహ మారినందుకే జవాబు ఇంత మారింది, నాణేలు మాత్రం అవే నూరు.

అందుకే గణిత శాస్త్రజ్ఞుడు వారెన్ ఎస్టీ వంటి వారు మరో కొలతకు పెద్దపీట వేశారు. పై నూరింటిలో 36 అచ్చులు ఒక్కొక్క నాణెంతోనే కనబడ్డాయనుకుంటే, నూరులో 36 తీసేయగా మిగిలిన 64 శాతం ఉత్పత్తి మనం చూసిన అచ్చుల నుంచే వచ్చిందని చెప్పవచ్చు. చూడని అచ్చులు 30 ఉన్నా 90 ఉన్నా వాటి వాటా మిగతా 36 శాతమే. నా మట్టుకు మొత్తం అచ్చుల సంఖ్య కన్నా ఈ శాతమే నిలబడే మాట. ఒక్క షరతు: నాణేలు ఒకే నిధి నుంచి వచ్చినవైతే లెక్క చెడుతుంది, ఎందుకంటే టంకశాల నుంచి నేరుగా వచ్చిన సంచిలో ఒకే అచ్చు నాణేలు గుంపుగా ఉంటాయి.

సూత్రాన్ని పరీక్షించుకునే వీలు కూడా రోమన్లే ఇచ్చారు. క్రీ.పూ. 82లో క్రెపూసియస్ అనే నాణేల అధికారి నాణేలకు బొరుసు అచ్చుల మీద వరుస సంఖ్యలు చెక్కారు, అవి 500 దాటాయి. అసలు జవాబు ముందే తెలిసిన లెక్క ఇది.

జవాబు – చంద్రగిరి వాసి

ఇక 30,000 సంగతి. రోమన్ టంకశాల లెక్కల పుస్తకం ఒక్కటీ మిగల్లేదు, కాబట్టి ఆ అంకె రోమ్‌ది కాదు, అరువు తెచ్చుకున్నది. గ్రీసులోని డెల్ఫీలో క్రీ.పూ. 330ల్లో వెండిని కరిగించి నాణేలు కొట్టించిన లెక్క శాసనాల్లో ఉంది. దాన్ని మిగిలిన నాణేల అచ్చులతో పోల్చితే బొమ్మ అచ్చుకు దాదాపు 23,000 నుంచి 47,000 దాకా వస్తుంది. మధ్యయుగపు ఇంగ్లండ్ టంకశాలల రికార్డులు కూడా ఉన్నాయి కానీ వాటిలో ఏడాదికీ ఏడాదికీ పొంతన కుదరదు. అచ్చు అరిగేదాకా వాడి తీరారన్న హామీ లేదని, ఈ గుణకారం చేయనే కూడదని 1990ల్లో నాణేల పరిశోధకుడు టి.వి. బట్రీ గట్టిగా వాదించారు. మరో నాణేల పరిశోధకుడు ఫ్రాన్సువా ద కలతాయ్ ఆయనకు బదులిస్తూ, కచ్చితమైన సంఖ్య రాకపోయినా పరిమాణం ఏ స్థాయిదో తెలుసుకోవచ్చన్నారు. నేను కలతాయ్ వైపే మొగ్గుతాను, కానీ ఒక్క అంకె కాకుండా హద్దులు రెండూ చెప్పాలి. మీ పిసో నాణేలకే అచ్చుకు 10,000 వేస్తే 86 లక్షలు, 30,000 వేస్తే రెండు కోట్ల 58 లక్షలు.

ప్రశ్నించినవారు

ధన్యవాదాలు సార్. ఇంకొక్క సందేహం. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన డెనారియస్‌ల వంటివి మన దగ్గరే ఉన్నాయి కదా, వాటితో ఇదే లెక్క చేయవచ్చా?

జవాబు – లెక్కల మాస్టారు, చిత్తూరు

ఉత్పత్తి లెక్కకు అవి పనికిరావమ్మా. మన దేశపు వెండి నిధుల్లో రోమన్ చక్రవర్తి అగస్టస్ మనవలు గైయస్, లూసియస్ బొమ్మలున్నవీ తర్వాతి చక్రవర్తి టైబీరియస్‌వీ మాత్రమే కుప్పలుగా ఉంటాయి. క్రీ.శ. 64లో నీరో బరువు తగ్గించిన తరువాతి డెనారియస్‌లు ఇక్కడ అరుదు. అంటే టంకశాల ఏది ఎంత కొట్టిందో కాక, వర్తకులు ఏది ఏరి ఓడకెక్కించారో అవి చెబుతాయి. అచ్చులు పోల్చడం నేర్చుకోవడానికి మాత్రం అవి బాగా ఉపయోగపడతాయి. మీ వ్యాసం పట్టికలో చూసిన నాణేలు, దొరికిన అచ్చులు, ఒక్కసారే కనబడినవి అని మూడు వరుసలు వేయండి. గుణకారాన్ని పట్టికలో పెట్టకుండా కింద విడిగా రాయండి.