నూనె పూర్తిగా మానేసినా ఫ్యాటీ లివర్ తగ్గలేదు, పొరపాటు ఎక్కడ?

సత్తెనపల్లి వాసి:
నా వయసు 41. బట్టల దుకాణం నడుపుతాను. బరువు 84 కిలోలు, ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. మార్చిలో కడుపునొప్పి వచ్చి స్కానింగ్ తీయిస్తే ‘గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్’ అని రాశారు. రక్తపరీక్షలో కాలేయం దెబ్బతింటే పెరిగే ఎంజైములు ఎస్‌జీపీటీ 78, ఎస్‌జీఓటీ 52, ప్లేట్‌లెట్లు 2.30 లక్షలు. బరువు తగ్గాలి, నూనె తగ్గించాలి అని డాక్టరు గారు చెప్పారు.

అప్పటినుంచి నా కూర వేరుగా, చుక్క నూనె లేకుండా వండుతున్నారు. ఆవకాయ, పల్లీ పచ్చడి, గుడ్లు మానేశాను. ఉదయం ఒక గ్లాసు బత్తాయి రసం, నాలుగు ఇడ్లీలు. మధ్యాహ్నం దుకాణానికి క్యారియర్ వస్తుంది: అన్నం, పప్పు, కూర, చారు, పెరుగు. సాయంత్రం బిస్కెట్లు. రోజుకు ఆరు టీలు. రాత్రి దుకాణం కట్టేసి ఇంటికి చేరేసరికి పదిన్నర, అప్పుడు మళ్లీ అన్నం. మూడు నెలల తర్వాత చూస్తే ఎస్‌జీపీటీ 81, బరువులో మార్పు లేదు.

ఇంకో బాధ. నేను జీవితంలో మద్యం ముట్టలేదు. అయినా లివర్ జబ్బు అనగానే బంధువులు నా భార్యను పక్కకు పిలిచి ‘తాగుతాడా?’ అని అడుగుతున్నారు. కాలేయాన్ని శుభ్రం చేస్తుందని ఒకరు కషాయం పొడి ఇచ్చారు. వాడవచ్చా?

విజయనగరం పంతులమ్మ:
తమ్ముడూ, ముందు ఆ పొడి పక్కన పెట్టండి. 2019లో మావారికి ఇదే జబ్బు బయటపడింది. ఆయనా తాగరు. మేమూ ఒకరి మాట విని మూలికల పొడి మూడు నెలలు వాడాం. ఎస్‌జీపీటీ 92 నుంచి 140కి పెరిగింది. డాక్టరు ఆపించాకే దిగింది. మంచి చేస్తుందనుకుని రోజూ పొద్దున్నే నా చేత్తోనే కలిపి ఇచ్చాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

ఇక మీ తిండి సంగతి. కాలేయంలో పేరుకున్న కొవ్వులో, తిన్న నూనె నుంచి నేరుగా వెళ్లేది కొంతే. చాలావరకు ఒంట్లో, ముఖ్యంగా పొట్ట దగ్గర నిల్వ ఉన్న కొవ్వు నుంచి వస్తుంది. మిగిలిపోయిన చక్కెరను, పిండిపదార్థాన్ని కూడా కాలేయమే కొవ్వుగా మారుస్తుంది. మీరు నూనె మానారు కానీ టీలో చక్కెర మానలేదు. ఆరు టీలకు రెండేసి చెంచాలు అనుకుంటే, చెంచాకు ఐదు గ్రాముల చొప్పున రోజుకు 60 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 గ్రాముల లోపు ఉంటే మేలంటుంది. గ్లాసు రసం కోసం మూడు నాలుగు బత్తాయిలు పిండుతారు. తీపి అంతా గ్లాసులోకి వస్తుంది, పీచు చెత్తబుట్టలోకి పోతుంది. ఒక్క బత్తాయి తొనలు ఒలుచుకుని తినండి, చాలు.

అసలు చిక్కు మన భోజనం పద్ధతిలోనే ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి అన్నం కలుపుకుంటాం. నాలుగుసార్లు వడ్డిస్తే ఎంత తిన్నదీ లెక్క ఉండదు. ఒకరోజు మావారి కంచంలో పెట్టే అన్నాన్ని తూకం వేసి చూశాను, 480 గ్రాములు! అది ఒక పూటకే. మరుసటి రోజు నుంచి ఒక చిన్న స్టీలు గిన్నె కేటాయించాను. అది నిండితే 150 గ్రాముల అన్నం. ఆ అన్నమంతా పప్పు, కూరలతోనే. చారు గ్లాసులో పోసి తాగడం, పెరుగును మజ్జిగ చేసి తాగడం. కూర మాత్రం రెండింతలు: బీరకాయ, పొట్లకాయ, దొండకాయ, తోటకూర. మొదటి పదిరోజులు ఆయన ముఖం చూడలేకపోయాను. తర్వాత అలవాటయింది.

నూనె మనిషికి నెలకు అర లీటరు లెక్కన వాడాం, పూర్తిగా మానలేదు. గుడ్లు, పల్లీలు మీరు మానాల్సిన పనిలేదు. అవి లేకే సాయంత్రానికి ఆకలేసి బిస్కెట్లు తింటున్నారేమో. గుప్పెడు ఉడికించిన శనగలు డబ్బాలో పెట్టి పంపమనండి. రాత్రి భోజనం కూడా ఏడున్నరకల్లా దుకాణానికే తెప్పించుకోండి: రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర పప్పు. ఉదయం దుకాణం తెరిచే ముందు 40 నిమిషాలు వేగంగా నడవండి.

మావారు ఎనిమిది నెలల్లో ఏడు కిలోలు తగ్గారు. ఎస్‌జీపీటీ 34కి వచ్చింది. స్కానింగ్‌లో కొవ్వు పూర్తిగా పోవడానికి మాత్రం 14 నెలలు పట్టింది. ఇక మీ భార్యను అడిగేవాళ్లకు మధుమేహం, ఊబకాయం ఉంటే మద్యం ముట్టని వారికీ ఇది వస్తుందని చెప్పండి. ఆమె తలదించుకోవాల్సిన అవసరం లేదు.

వార్డు నర్సు:
కాలేయ రోగుల మధ్య పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. స్కానింగ్‌లో రాసే గ్రేడ్ కొవ్వు ఎంత ఉందో చెబుతుంది. కాలేయం గట్టిపడిందా లేదా అన్నది చెప్పదు, అసలు భయపడాల్సింది దానికే. దాన్ని అంచనా వేయడానికి ‘ఫిబ్-4’ అనే లెక్క ఉంది. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, ప్లేట్‌లెట్లను (వేలల్లో లెక్క కాబట్టి మీకు 230గా తీసుకోవాలి) ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించగా వచ్చిన దానితో భాగించాలి. మీ మార్చి అంకెలతో 1.05 వచ్చింది. 1.3 లోపు ఉంటే తీవ్రంగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. ఈ అంకె చూపించి ఫైబ్రోస్కాన్ (కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే స్కానింగ్) అవసరమా అని మీ డాక్టరును అడగండి. హెపటైటిస్ బి, సి, మూడు నెలల సగటు చక్కెర, థైరాయిడ్ పరీక్షలు చేయించకపోతే అవి కూడా అడగండి.

పంతులమ్మ గారు పొడి గురించి చెప్పింది అక్షరాలా నిజం. కరోనా కాలంలో తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్నవారి గురించి ముంబయి వైద్యులు ప్రచురించారు. మీ బరువుకు 7 శాతం అంటే దాదాపు ఆరు కిలోలు. అంత తగ్గితే కాలేయంలో వాపు తగ్గే అవకాశం ఎక్కువ.

రాత్రి డ్యూటీ, హైదరాబాద్:
ఆరు కిలోలు అన్నారని నెలలో దించేయాలని చూడకండి. నేను ఒక్కపూట భోజనంతో ఆరు వారాల్లో 11 కిలోలు తగ్గాను. పిత్తాశయంలో రాళ్లు వచ్చి ఆపరేషన్ చేయించుకున్నాను. అంత వేగంగా తగ్గితే రాళ్లు వస్తాయని డాక్టరు తర్వాత చెప్పారు. వారానికి అర కిలో చాలు.

సత్తెనపల్లి వాసి:
అందరికీ నమస్కారం. అక్కయ్య గారూ, మీరు రాసింది నా భార్యకు చదివి వినిపించాను. తలదించుకోనక్కరలేదన్న మాట దగ్గర కళ్లు తుడుచుకుంది. ఈరోజు అన్నం తూకం వేశాం, మధ్యాహ్నానికి 430 గ్రాములు. టీ కొట్టు అబ్బాయికి నా కప్పులో చక్కెర వేయవద్దని చెప్పాను, రోజుకు మూడే తెమ్మన్నాను. ఒక్క సందేహం. మా అమ్మ ఉదయం రాగిజావ బెల్లం వేసి ఇస్తానంటున్నారు. తాగవచ్చా?

విజయనగరం పంతులమ్మ:
బెల్లమూ చక్కెర కిందే లెక్క. ఉప్పు, మజ్జిగ కలిపి ఇమ్మనండి. జావ తాగిన రోజు ఇడ్లీలు రెండే. పక్కన ఒక ఉడికించిన గుడ్డు పెట్టించుకోండి. మళ్లీ పరీక్ష చేయించాక అంకెలు ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాను.