గాలి మాటలు గ్రీకులో కూడా!

హోమర్ గ్రీకు కావ్యం ఒడిస్సీ నాలుగో భాగం చివర్లో, ఇల్లు చేరని ఒడిస్యూస్ కోసం ఎదురుచూస్తున్న భార్య పెనెలోపీకి కలలో తోబుట్టువు రూపంలో ఓ ఛాయ కనిపిస్తుంది. నా మొగుడు బతికున్నాడా, పోయాడా అని అడిగితే ఆ సంగతి చెప్పనంటుంది. 'అనెమోలియ' పలకడం మంచిది కాదట. అనెమోస్ అంటే గాలి. కాబట్టి అనెమోలియ అంటే అచ్చంగా మన గాలి మాటలే! హోమర్‌దే మరో కావ్యం ఇలియడ్‌లో పోరు వదిలి వెనక్కి తగ్గిన అపోలో దేవుణ్ణి అతని తోబుట్టువు ఆర్టెమిస్ దేవత దెప్పిపొడుస్తూ, అతని విల్లుకీ ఇదే విశేషణం తగిలిస్తుంది. ఎందుకూ కొరగాని విల్లు అని.

అన్నిటికన్నా నాకు నచ్చింది గుడ్డు. పుంజు తోడు లేకుండా పెట్ట పెట్టే, పిల్ల కాని గుడ్డును గ్రీకులు గాలిగుడ్డు అనేవారు. ప్లేటో రాసిన 'థియేటెటస్' అనే సంభాషణలో సోక్రటీస్ తనను మంత్రసానితో పోల్చుకుని, కుర్రాడు థియేటెటస్ కన్న ఆలోచన నిజమైన బిడ్డో గాలిగుడ్డో చూద్దామంటాడు.

— అనెమోస్‌కీ మన అనిలుడికీ చుట్టరికం ఉందాండీ?

— ఉందండీ. ఊపిరి తీయడమనే అర్థమున్న ఒకే పాత ధాతువు. సంస్కృతంలో అది 'అన్'. ప్రాణం, అపానం, వ్యానం, ఉదానం, సమానం, అయిదింట్లోనూ ఉన్నది అదే. లాటిన్ అనిమా కూడా ఆ ఇంటిదే. 'గాలి మాటలు' మాత్రం ఎవరి దారిన వాళ్లకు తట్టిన పోలిక, అప్పు కాదు.

— మరి గ్రీకులోనే ఉన్న న్యూమా? బైబిల్లో ఆత్మ అంటారుగా?

— అసలు చిక్కు అక్కడే. న్యూమా అంటే ఊపిరి, గాలి, ఆత్మ మూడూను. యోహాను సువార్త 3:8 గ్రీకు మూలంలో మొదటా చివరా ఉన్నది ఆ ఒక్క మాటే. తెలుగులో "గాలి తన కిష్టమైన చోటను విసరును" అని మొదలై, "ఆత్మమూలముగా జన్మించిన ప్రతివాడును" దగ్గరికొచ్చేసరికి మాట మారిపోయింది. శ్లేష పోయింది. అనువాదకుణ్ణి తప్పుపట్టను, అక్కడ ఇంకేం రాస్తాడు?

అయితే మన గాలికి ఆ అర్థం బొత్తిగా లేదనడానికీ లేదు. "పిల్లకి గాలి సోకింది" అంటే దయ్యం పట్టిందనే కదా! సువార్తల్లో మనుషులకు పట్టే అపవిత్రాత్మ కూడా గ్రీకులో న్యూమానే. వాళ్ల మాట దైవం దాకా వెళ్లింది. మనకు మంచివన్నీ ఆత్మ, ప్రాణం పట్టుకుపోతే, గాలికి దయ్యాలు మిగిలాయి.

ఇంతకీ ఆ పిల్ల కాని గుడ్డును మీ వైపు ఏమంటారు?