ఉగాది వేడుక, వసంతకాలపు సేవా కార్యక్రమాలు: కార్యకర్తల ఏర్పాటుపై చర్చ

కార్యక్రమ సమన్వయకర్త:

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

పరాభవ నామ సంవత్సర ఉగాది 2026 మార్చి 19, గురువారం నాడు వస్తున్నది. అది పనిదినం కాబట్టి, డాలస్ చుట్టుపక్కల ఉన్న మన కుటుంబాలకు వీలుగా వేడుకను మార్చి 21, శనివారం సాయంత్రం జరపాలని కార్యవర్గం నిర్ణయించింది. మరుసటి వారమే శ్రీరామనవమి ఉన్నందున పురోహితులకూ గుడి వంటశాలలకూ అప్పుడు తీరిక ఉండదు. బడుల వసంత సెలవులు కూడా మార్చిలోనే, ఒక్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌కు ఒక్కో వారంలో వస్తాయి. అందుచేత పంచాంగ శ్రవణానికి పంతులుగారిని, వంటకు మనుషులను జనవరి నెలాఖరులోగా ఖాయం చేసుకోవడం మంచిది.

అయితే ఇక్కడ ముఖ్యంగా చర్చించవలసినది ఒక్క సాయంత్రపు ఏర్పాట్ల గురించి కాదు. మన సంఘంలో సభ్యత్వం ఉన్న కుటుంబాలు ఎక్కువ, పని మీద వేసుకునే కుటుంబాలు తక్కువ. ఈ తేడా ఏటేటా పెరుగుతున్నది. ఉగాదికీ దీపావళికీ హాలు నిండుతుంది కానీ, ఉదయం వచ్చి కుర్చీలు వేసేదీ, రాత్రి చెత్త సంచులు కట్టి బయట పెట్టేదీ ఎప్పుడూ ఆ కొద్ది ఇళ్లవారే. మిగిలినవారికి ఆసక్తి లేదనే మాటతో నేను ఏకీభవించను. “వాలంటీర్లు కావాలి, దయచేసి ముందుకు రండి” అని వాట్సాప్ గ్రూపులో పెట్టే సందేశం ప్రత్యేకంగా ఎవరినీ పిలవదు కాబట్టి ఎవరూ పలకరు. చేయవలసిన పని ఏమిటో, ఎన్ని గంటలు పడుతుందో, పక్కన ఎవరుంటారో, చంటిపిల్లలను వెంట తీసుకురావచ్చో లేదో అందులో ఉండదు. ఒకసారి సరేనంటే ఏడాది పొడవునా అన్నీ తమ నెత్తినే పడతాయేమోనన్న జంకు కూడా చాలామందికి ఉంటుంది, ఆ జంకు అకారణమైనది కూడా కాదు.

కాబట్టి ఈసారి పనులను రెండేసి గంటల ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకూ మొదలయ్యే సమయం, ముగిసే సమయం, అక్కడ ఎవరిని అడగాలన్నదీ రాసిన తరువాతే సైన్‌అప్ షీటును సభ్యులకు పంపుదాం. పంపి ఊరుకోకుండా, కార్యవర్గంలో ఒక్కొక్కరం కొన్ని కుటుంబాలకు స్వయంగా ఫోన్ చేసి, “మీ అమ్మాయి రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర నాలుగు నుంచి ఆరు వరకు కూర్చోగలదా?” అని పేరు పెట్టి, పని పెట్టి అడుగుదాం. అలా అడిగినప్పుడు కాదనేవారు తక్కువ. కాదన్నా, మే నెలలో పిలవమనో మరో పని చెప్పమనో అంటారు, అది కూడా మనకు పనికివచ్చే సమాధానమే.

ఉగాది పచ్చడిని చూడండి. ఇక్కడి చలికి వేపచెట్టు ఆరుబయట బతకదు. కుండీల్లో పెంచి చలికాలమంతా గరాజ్‌లో దాచుకునేవారి చెట్లు మార్చికి పూస్తాయన్న నమ్మకం లేదు. ఇండియన్ స్టోర్లలో దొరికే ఎండు వేపపువ్వే మనకు ఆధారం. ఆ పువ్వులో పుల్లలూ మట్టీ ఏరి, జల్లించి శుభ్రం చేయడం ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని. చింతపండు నానబెట్టి గుజ్జు తీయడం, బెల్లం కరిగించి వడకట్టడం, మామిడికాయను సన్నగా తరగడం, చివర ఉప్పు, మిరియాల పాళ్లు చూడడం, చిన్న కప్పుల్లో పోసి పళ్లేల్లో అమర్చడం, ఇలా ఒక్క పచ్చడిలోనే అరడజను మందికి తగిన పని ఉన్నది. ఇన్నేళ్లుగా అదంతా ఒకే ఇంటి మీద పడుతూ వచ్చింది. పిల్లలను చూడడానికి ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు ఉండే అమ్మానాన్నలకు ఈ పనిలో మనకంటే ఎక్కువ నేర్పు ఉంటుంది. పగలంతా ఇంట్లో ఒక్కరే కూర్చునే వారికి నలుగురితో కలిసే అవకాశమూ దొరుకుతుంది. వారికి ఉన్న ఇబ్బంది ఒక్కటే, కారు నడపలేరు. అందువల్ల సైన్‌అప్ షీటులో “పెద్దవారిని తీసుకువచ్చి దింపేవారు” అని ఒక వరుస పెట్టాలని కోరుతున్నాను. అది కూడా పూర్తి స్థాయి సేవగానే లెక్కలోకి రావాలి.

ఇక సేవా కార్యక్రమాల సంగతి. ఉగాది రోజునే ఆడిటోరియం బయట రక్తదాన శిబిరం పెట్టాలని కొందరు సూచించారు. ఉద్దేశం ఉత్తమమైనదే, కానీ ఆ తేదీ మనవారికి కలిసిరాదు. మలేరియా ఉన్న ప్రాంతాలకు ప్రయాణించి వచ్చినవారు కొంతకాలం రక్తం ఇవ్వకూడదన్న నిబంధన అమెరికాలో ఉన్నది. ఒకప్పుడు ఏడాదిగా ఉన్న ఆ గడువును 2020లో ఈ దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మూడు నెలలకు తగ్గించింది. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ ప్రాంతాల్లోకే వస్తాయి. మనవాళ్లలో చాలామంది డిసెంబరు సెలవులకు ఊరు వెళ్లి జనవరి మొదటి వారంలో తిరిగి వస్తారు కాబట్టి, వారికి ఏప్రిల్ మొదటి వారం దాకా అర్హత రాదు. మార్చి 21న శిబిరం పెడితే ఎంతో ఉత్సాహంతో వరుసలో నిలబడినవారిని అక్కడి సిబ్బంది మర్యాదగా వెనక్కి పంపవలసి వస్తుంది. అలా ఒకసారి వెనుదిరిగినవారు మళ్లీ రావడం అరుదు. వేసవిలో మళ్లీ ఇండియా ప్రయాణాలు మొదలవుతాయి. ఏప్రిల్ చివర నుంచి మే నెల మధ్య వరకు ఉన్న కాలమే మనకు అనువైనది, అందుచేత మే 2, శనివారం శిబిరం జరపాలని ప్రతిపాదిస్తున్నాను. రక్తనిధి వారితో మాట్లాడి, ప్రస్తుతం అమలులో ఉన్న నిబంధనలను అడిగి తెలుసుకుని, వాటిని తెలుగులో ఒక పేజీగా ముందే అందరికీ పంపాలి. ఈ దేశానికి కొత్తగా వచ్చి స్థిరపడినవారికి గడువు ఇంకా ఎక్కువ కాబట్టి, వారికి శిబిరంలో రక్తదాతల నమోదు, పలహారాల బల్ల వంటి పనులు అప్పగిద్దాం. టెక్సస్‌లో తల్లిదండ్రుల అనుమతి ఉంటే పదహారేళ్లవారు కూడా రక్తం ఇవ్వవచ్చునని హైస్కూలు పిల్లలకు చెప్పాలి.

రెండవ ప్రతిపాదన రహదారి దత్తత. అడాప్ట్ ఎ హైవే అని నేడు దేశమంతటా కనిపించే పథకం మన టెక్సస్‌లోనే, ఇక్కడికి తూర్పున ఉన్న టైలర్‌లో పుట్టింది. 1985 మార్చిలో ఆ ఊరి సివిటన్ క్లబ్ సభ్యులు హైవే 69 మీద రెండు మైళ్ల మేర చెత్త ఏరే బాధ్యత తీసుకున్నారు. మనలాంటి ఒక స్వచ్ఛంద సంఘమే దీనికి నాంది పలికింది. రాష్ట్ర రవాణా శాఖ సంచులనూ, మెరిసే రక్షణ కోట్లనూ, భద్రతా సూచనలనూ ఇస్తుంది; దత్తత తీసుకున్న సంఘం కనీసం రెండేళ్ల పాటు ఏడాదికి నాలుగుసార్లు శుభ్రం చేయాలి. రోడ్డు పక్కన సంఘం పేరుతో బోర్డు ఉంటుంది. ఏడాదికి నాలుగు ఉదయాలు అనేది ఉద్యోగస్తులకు మోయలేని భారం కాదు, పైగా తేదీలు ముందే తెలుస్తాయి. తెలుగువారి పేరు గుడి ప్రాంగణంలోనూ ఆడిటోరియంలోనూ మాత్రమే కాకుండా, మనం రోజూ నడిచే ఈ ఊరి దారి మీద కూడా కనిపించాలన్నది నా ఆకాంక్ష.

అభిప్రాయాలు తెలియజేయండి.

ఆహార విభాగం బాధ్యురాలు:

సమన్వయకర్త గారికి నమస్కారం. పచ్చడి పనిని పంచడం నాకు ఎంతో సంతోషం, కానీ ఒక్క షరతు. వేపపువ్వు ఏరడం, చింతపండు గింజలు తీయడం వంటివి ఎవరింట్లో వారు చేయవచ్చు. కలపడం మాత్రం అనుమతి ఉన్న వంటశాలలోనే జరగాలి. ఆడిటోరియం ఇచ్చే స్కూల్ డిస్ట్రిక్ట్‌వారూ, నగరపాలక సంస్థవారూ ఇంటి వంటను బహిరంగ వేడుకలో వడ్డించడానికి సాధారణంగా ఒప్పుకోరు. గుడి వంటశాలను 21వ తేదీ ఉదయానికి అడుగుతాను.

వడ్డించే బల్లల దగ్గర కూడా శ్రద్ధ ఉన్న ఇద్దరు మనుషులు కావాలి. వేడి పదార్థాలు 135 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గకుండా, చల్లనివి 41 డిగ్రీలకు మించకుండా ఉండాలన్నది నియమం. పులిహోరను ట్రేలలో అలా మూత పెట్టి వదిలేయడం, దద్దోజనాన్ని రెండు గంటలు బయట ఉంచడం మనకు అలవాటు. దద్దోజనం ట్రేల కింద ఐస్ పరచాలి; థర్మామీటర్ పట్టుకుని అరగంటకోసారి చూసి రాసేవారు ఉండాలి. కాలేజీలో చదువుతున్న పిల్లలెవరైనా ముందుకు వస్తే నేను దగ్గరుండి నేర్పిస్తాను. కేటరింగ్ వారు తెచ్చే సమయాన్నీ భోజనం మొదలయ్యే సమయాన్నీ దగ్గర చేయడం అన్నిటికంటే ముఖ్యం, అంటే పిల్లల నృత్యాలు ఆలస్యం కాకూడదు.

కొత్త సభ్యురాలు:

అందరికీ నమస్కారం. మేము నిరుడే ఈ ఊరు వచ్చాము. నా వీసా మీద ఉద్యోగం చేసే అనుమతి లేదు, పగలు తీరిక ఉంటుంది. నాలాంటివారు సంఘంలో పని చేయవచ్చునా అన్న సందేహంతోనే ఇంతవరకు ఎవరినీ అడగలేదు. మరొక సందేహం. మా అబ్బాయి తొమ్మిదో తరగతి, ప్రతిభ గల హైస్కూలు విద్యార్థుల సంఘమైన నేషనల్ ఆనర్ సొసైటీలో చేరాలంటే సేవా కార్యక్రమాల్లో పాల్గొని ఉండాలని అంటున్నాడు. ఇక్కడ చేసిన గంటలకు ధ్రువపత్రం ఇస్తారా?

కోశాధికారి:

అమ్మా, మీరు అడిగినందుకు సంతోషం, ఎందుకంటే ఇదే ప్రశ్న మనసులో ఉండి అడగనివారు చాలామంది ఉంటారు. లాభాపేక్ష లేని సంస్థలో, మామూలుగా ఎవరూ జీతం తీసుకుని చేయని పనిని, ప్రతిఫలం ఏమీ ఆశించకుండా చేయడమే స్వచ్ఛంద సేవ. ఆ గీత దాటకుండా ఉండడానికి, వెబ్‌సైటు నిర్వహణ, లెక్కల తనిఖీ వంటి వేతనం చెల్లించవలసిన పనులను మేము ఎవరి చేతా ఉచితంగా చేయించము. మీ వీసా విషయంలో ప్రత్యేకమైన సందేహం ఏదైనా ఉంటే న్యాయవాదిని అడగడం మేలు.

పిల్లల గంటల పత్రం మీద ఆ రోజే, హాలు వదిలే ముందే సంతకం చేసి ఇవ్వాలని నా సూచన. తరువాత అడిగితే ఎవరు ఎంతసేపు ఉన్నారో ఎవరికీ గుర్తుండదు. పెద్దల గంటలను కూడా రాసిపెట్టాలి. కొన్ని కంపెనీలు తమ ఉద్యోగి సేవ చేసిన గంటలకు లెక్కగట్టి సంస్థకు విరాళం పంపుతాయి. మనది 501(సి)(3), అంటే ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థ కాబట్టి ఆ అవకాశం మనకు ఉన్నది, అయితే ఉద్యోగే తన కంపెనీ పోర్టల్‌లో నమోదు చేయాలి. అలాగే 250 డాలర్లు, ఆపైన విరాళం ఇచ్చినవారు పన్ను మినహాయింపు పొందాలంటే మన నుంచి రాతపూర్వకమైన రసీదు తప్పనిసరి. స్పాన్సర్‌కు భోజనం టికెట్లు ఇచ్చినప్పుడు వాటి విలువను విరాళం నుంచి తీసివేసి చూపాలి. రసీదుల పనికి వారానికి రెండు గంటలు ఇవ్వగలిగేవారు ఒకరు కావాలి. ఇంటి నుంచే చేయవచ్చు.

కార్యక్రమ సమన్వయకర్త:

ముగ్గురికీ ధన్యవాదాలు. చర్చలో తేలిన అంశాలను ఇలా స్థిరపరుస్తున్నాను.

పచ్చడిని గుడి వంటశాలలోనే కలుపుతాము. వేపపువ్వు పొట్లాలను ముందు వారమే పెద్దవారి ఇళ్లకు చేరవేసే బాధ్యతను, కొత్త సభ్యురాలైన మా చెల్లెమ్మ అంగీకరిస్తే, ఆమెకు అప్పగిస్తాము. దానివల్ల ఆమెకు పది ఇళ్లవారితో పరిచయం కూడా కలుగుతుంది. థర్మామీటర్ పనికి వారి అబ్బాయిని ఆహార విభాగం అక్కయ్య గారి దగ్గరకు పంపాలని కోరుతున్నాను.

నృత్యాల విషయంలో సాంస్కృతిక విభాగం ఈసారి గట్టిగా ఉండక తప్పదు. ప్రతి తల్లికీ తన బిడ్డ అంశం ముఖ్యమే, అందులో తప్పేమీ లేదు. కానీ పాటలన్నీ వారం ముందే చేరాలి, ఒక్కొక్క అంశానికి ఇచ్చిన నిమిషాలు దాటకూడదు. ఆడిటోరియం తాళాలు వేసే సమయం మన చేతిలో లేదు. ఆలస్యమైన ప్రతి అరగంటకూ అదనపు రుసుము పడుతుంది, పైగా చివరకు శుభ్రం చేసేవారు నిద్రకళ్లతో ఇళ్లకు వెళ్తారు. జ్యోతి ప్రజ్వలనకు నిప్పు వాడవచ్చునా లేదా అన్నది స్కూల్ డిస్ట్రిక్ట్‌వారిని రాతపూర్వకంగా అడిగి, ఒప్పుకోకపోతే బ్యాటరీ దీపాలు పెడదాం. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ లేకుండా హాలు ఒప్పందం పూర్తి కాదు కాబట్టి కోశాధికారి గారు దానిని ముందుగా తెప్పించాలి.

ఉగాది రోజున ప్రవేశ ద్వారం దగ్గర చెడకుండా నిల్వ ఉండే ఆహార పదార్థాలు సేకరించి, ప్లేనోలోని నార్త్ టెక్సస్ ఫుడ్ బ్యాంకుకు ఇవ్వాలన్న సూచన కూడా నాకు విడిగా అందింది. సేకరిద్దాం, కానీ అసలైన ప్రయత్నాన్ని జూన్‌కు ఉంచుకుందాం. విరాళాలు నవంబరు, డిసెంబరు పండుగల్లో పోటెత్తుతాయి. బడి భోజనం దొరకని పిల్లలకు అవసరం పెరిగేది వేసవిలో. ఆ నెలల్లో ఇండియా వెళ్లకుండా ఇక్కడే ఉండే కుటుంబాలు ఎవరో మార్చిలోనే, రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర, ఒకే ఒక్క ప్రశ్నతో తెలుసుకోవచ్చు. వేడుకకు వచ్చే ప్రతి కుటుంబాన్నీ “జూన్‌లో ఊళ్లో ఉంటారా?” అని అడిగి, ఉంటామన్నవారి ఫోన్ నంబరు రాసుకుంటే జూన్ పనికి మనుషులు అప్పుడే సిద్ధమైనట్టు.

రహదారి దత్తతపై అభ్యంతరం ఎవరూ తెలపలేదు. రెండేళ్ల మాట కాబట్టి, ప్రస్తుత కార్యవర్గం పదవీకాలం ముగిసిన తరువాత కూడా కొనసాగగలిగే ఇద్దరు బాధ్యులు ముందు దొరకాలి, దరఖాస్తు ఆ తరువాతే.

జనవరి 17, శనివారం ఉదయం పది గంటలకు జూమ్‌లో కలుద్దాం. అప్పటికి విభాగాల బాధ్యులు తమ పనులను రెండేసి గంటల ముక్కలుగా రాసి షీటులో ఉంచాలని మనవి. ఫోన్ చేయవలసిన కుటుంబాల జాబితాను ప్రాంతాల వారీగా విడదీసి ఆ సమావేశంలోనే పంచుకుందాం.